అక్టోబరు 1: కర్నూలు, కడప చరిత్రలో, తెలుగు పాటలో

అక్టోబరు 1 గ్రెగోరియన్ క్యాలెండరులో 274వ రోజు, లీపు సంవత్సరంలో 275వది. 1953లో ఈ రోజున తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. స్వతంత్ర భారతదేశంలో భాషను బట్టి ఏర్పడిన తొలి రాష్ట్రం అదే. అంతర్జాతీయ సంగీత దినోత్సవం కూడా ఈ తేదీనే. వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ చొరవతో 1975లో మొదలైన ఈ ఉత్సవానికీ కర్నూలుకూ సంబంధం లేదు. అయినా కర్నూలు, కడప జిల్లాల వైపు నుంచి చూస్తే ఈ తేదీ చరిత్రలో పాట మాటిమాటికీ తగులుతూనే ఉంటుంది.

రాజధాని వచ్చిన రోజు

1953 అక్టోబరు 1 గురువారం. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ కర్నూలుకు వచ్చి కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు. చందూలాల్ మాధవ్‌లాల్ త్రివేది గవర్నరు, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. ప్రకాశానికి అప్పటికి 81 ఏళ్లు. సొంత పార్టీని వదిలి, కాంగ్రెసు మద్దతుతో ఆయన ఆ పదవి చేపట్టారు.

అంతకు ముందు ఏడాది అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి ఇంట పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58 రోజుల దీక్ష తరువాత డిసెంబరు 15న ప్రాణం విడిచారు. ఆంధ్ర జిల్లాలు అట్టుడికిపోయాయి. నాలుగు రోజులకే, డిసెంబరు 19న, నెహ్రూ రాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. విభజన లెక్కలు చూడడానికి జస్టిస్ వాంఛూను నియమించారు. మద్రాసు నగరం మాత్రం ఆంధ్రులకు దక్కలేదు.

రాజధాని కర్నూలుకు ఎందుకు వచ్చిందంటే, జవాబు 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో ఉంది. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు ‘శ్రీబాగ్’లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని రాసుకున్న ఒప్పందం అది. చదువుల్లో, పదవుల్లో, కృష్ణా తుంగభద్రల నీళ్లలో కోస్తాతో కలిస్తే తమకు మిగిలేదేమిటన్న సీమవాసుల అనుమానాన్ని తీర్చడానికే అది పుట్టింది. నీటి వాటాలో సీమకు ప్రాధాన్యం ఇస్తామన్నారు. రాజధాని, హైకోర్టు రెండూ ఒక్కచోట ఉండకూడదని, ఏది కావాలో కోరుకునే హక్కు సీమదని ఒప్పుకున్నారు. సీమ రాజధానిని కోరుకుంది. హైకోర్టు గుంటూరుకు వెళ్లి 1954 జులైలో మొదలైంది. ఆ ఒడంబడికలో చాలా మాటలు కాగితం దాటలేదు. దాటినవాటిలో కర్నూలు రాజధాని ముఖ్యమైనది, అదీ మూడేళ్లే నిలిచింది.

కొత్త రాష్ట్రంలో 11 జిల్లాలు ఉన్నాయి. బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో చేరాయి. బళ్లారి పట్టణంతో సహా మిగతా ఏడు తాలూకాలు అదే రోజున మైసూరు రాష్ట్రంలో కలిశాయి. బళ్లారి తాలూకా ఎవరిదన్న తగవును జస్టిస్ మిశ్రా కమిషను మైసూరు వైపు తీర్చింది. అందుకే కర్నూలు పల్లెల్లో పండగ జరిగిన రోజే సరిహద్దుకు అవతల ఉండిపోయిన తెలుగువారికి ఎడబాటు మొదలైంది. ఈ సంగతి అవతరణ దినోత్సవ ఉపన్యాసాల్లో అంతగా వినబడదు.

రాజధానికి కావలసిన కట్టడాలు కర్నూలులో లేవు. ఉన్న ప్రభుత్వ భవనాల్లో సర్దుకున్నంత సర్దుకుని, మిగతా ఆఫీసులకు, ఉద్యోగుల కాపురాలకు గుడారాలు వేశారు. మద్రాసు నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తాలకు సీమ ఎండ గుడ్డ కప్పు కింద ఎలా ఉంటుందో తెలిసివచ్చింది. ‘డేరాల రాజధాని’ అని ఇప్పటికీ ఎగతాళిగా అంటారు. ఆ ఎగతాళి న్యాయమైనది కాదు: ఒక సాధారణ జిల్లా కేంద్రాన్ని కొద్ది నెలల్లో రాజధానిగా మార్చమంటే ఏ ఊరైనా డేరాలే వేయగలదు.

ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబరులో, మద్యనిషేధం తగవు మీద, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన, ఎన్నికలు అయ్యాక 1955 మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. కర్నూలు రాజధానిగా ఉన్నది సరిగ్గా మూడేళ్ల ఒక నెల.

ఆ నాటి పాట

ప్రకాశం అన్నదమ్ముల బిడ్డ టంగుటూరి సూర్యకుమారి. శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగుతల్లికి’ పాటను తెలుగు ఊరూరికీ చేర్చిన గొంతు ఆమెదే. 1942 నాటి ‘దీనబంధు’ సినిమా కోసం తిరుపతి కవి రాసిన పాట అది. రాష్ట్రం లేని రోజుల్లో పుట్టి, రాష్ట్రం కోసం జరిగిన సభల్లో నోళ్లలో నానింది. పాట పాడినామె పెదనాన్న ఆ రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి కావడం ఎవరూ కల్పించని కథ. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన ఏడాది దీనికి రాష్ట్ర గీతం హోదా వచ్చింది. సినిమా కోసం రాసిన పాట ఒక ప్రభుత్వ గీతం కావడం అరుదు.

1953 అక్టోబరు నాటికి జనం నోట ఆడుతున్న పాటలు వేరు. ఆ ఏడు జూన్ 26న విడుదలైన ‘దేవదాసు’ ఇంకా ఊళ్లలో తిరుగుతోంది. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ సినిమా పూర్తి కాకుండానే 1952లో, ముప్పై ఏళ్లు రాకముందే చనిపోయారు. ఘంటసాల గొంతు ఆ విషాదాన్ని తెలుగు ఇళ్లలోకి తెచ్చింది.

ఇప్పుడు చేతిలో ఫోను తీస్తే పాట వస్తుంది గానీ అప్పుడు పాట వినడం అంత సులువు కాదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. కడప కేంద్రం రావడానికి 1963 దాకా ఆగాలి. పైగా 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాట అంటే గిట్టదు. ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు వినబడకుండా పోయాయి, శ్రోతలు రేడియో సిలోను వైపు తిరిగారు. వివిధ భారతి వచ్చింది 1957 అక్టోబరు 3న. కాబట్టి కొత్త రాజధానిలో సినిమా పాట వినాలంటే గ్రామఫోను ఉన్న ఇంటికి పోవాలి, లేదా టూరింగ్ టాకీసు ఊరికి రావాలి, లేదా పెళ్లికో తిరునాళకో మైకుసెట్టు పెట్టాలి. టూరింగ్ టాకీసు కూడా డేరానే; ఆ మాటకొస్తే 1953లో కర్నూలులో ప్రభుత్వమూ వినోదమూ ఒకే రకం గుడ్డ కింద నడిచాయి.

ఇక్కడ ఆగి చూడవలసిన విషయం ఒకటుంది. ప్రభుత్వం మద్రాసు వదిలి కర్నూలుకు వచ్చింది. పాట మాత్రం మద్రాసులోనే ఉండిపోయింది. ఆ పాటను తయారుచేస్తున్నవారిలో పెద్దలు సీమవాళ్లే. వాహినీ సంస్థ బి.ఎన్. రెడ్డి, ఆయన తమ్ముడు విజయా ప్రొడక్షన్స్ బి. నాగిరెడ్డి కడప జిల్లా బిడ్డలు. వాహినీ స్టూడియోకు పెట్టుబడి పెట్టిన మూలా నారాయణస్వామి, ‘పాతాళ భైరవి’ తీసిన కె.వి. రెడ్డి తాడిపత్రివారు. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’కి సంగీతం ఘంటసాల, అదే ఏడాది చివర వచ్చిన ‘మల్లీశ్వరి’కి సాలూరి రాజేశ్వరరావు. విజయనగర కాలపు కథతో ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్. రెడ్డి, దేవులపల్లి కృష్ణశాస్త్రిని సినిమా పాటలోకి తెచ్చారు. రాజధాని చిరునామా మూడేళ్లు కర్నూలుది కాగా, తెలుగు సినిమా పాట చిరునామా చాలాకాలం మద్రాసులో కడపవారి గేటు లోపలే ఉంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువకాలం నిలిచిందో పాఠకులకు చెప్పనక్కరలేదు.

అంతకు ముందు

1854 అక్టోబరు 1న దేశమంతటికీ ఒకే తపాలా పద్ధతి, అంటించే బిళ్లలతో సహా, అమల్లోకి వచ్చింది. పావు తులం బరువు ఉత్తరం దూరంతో పనిలేకుండా అర్ధణాకు పోయేది. కడపకు ఇందులో ఒక చుట్టరికం ఉంది: అక్కడ బంగళా కొని పండితులను పోషించి, తెలుగు తాళపత్రాలను కాపాడిన సి.పి. బ్రౌన్ కొంతకాలం మద్రాసు పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా పనిచేశారు. ఆయన కడప నివాసం ఉన్నచోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది.

1847 అక్టోబరు 1న లండనులో దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీ బిసెంట్ పుట్టారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలోనే ఉన్న మదనపల్లెలో 1915లో ఆమె దివ్యజ్ఞాన కళాశాల స్థాపించారు. ఆమె ‘జగద్గురువు’ అని నమ్మి పెంచిన జిడ్డు కృష్ణమూర్తిది ఆ ఊరే; బాల్యంలో కొంత కడపలో గడిచింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కళాశాలకు వచ్చి జనగణమన పాడారు, దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాసిపెట్టారు. బిసెంట్ పుట్టినరోజుతో ముడిపడిన సంగీత విశేషం ఇంతకన్నా పెద్దది ఉండదు.

సంగీతరంగంలో జన్మదినాలు

హిందీ పాటకు ఇది పండగ రోజు. సంగీత దర్శకుడు ఎస్.డి. బర్మన్ 1906లో, కవి మజ్రూహ్ సుల్తాన్‌పురీ 1919లో ఈ తేదీనే పుట్టారు. ఇద్దరూ కలిసి 1957 నాటి ‘పేయింగ్ గెస్ట్’ నుంచి 1973 నాటి ‘అభిమాన్’ దాకా పనిచేశారు. ఉర్దూ మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న కర్నూలు, ఆదోని, కడప పేటల్లో ఈ పాటలకు ఎప్పుడూ శ్రోతలున్నారు.

1928లో తమిళ నటుడు శివాజీ గణేశన్ పుట్టారు. తెలుగు తెరమీద ఆయనకు గొంతు ఇచ్చినవారు కొంగర జగ్గయ్య. 1922లో పాలకొల్లులో అల్లు రామలింగయ్య పుట్టారు. ఆయన మీద తీసిన హాస్యపు పాటలను తెలుగు పాట చరిత్ర రాసేవారు తరచు వదిలేస్తారు. అది లోపమే, ఎందుకంటే తిరునాళ మైకుల్లో నాయకుడి పాటకు సమానంగా మోగినవి అవి.

తరువాతి రోజుల్లో

1958 అక్టోబరు 1న మెట్రిక్ తూకాలు దేశంలో అమలుకావడం మొదలైంది. ఆదోని వంటి పత్తి, వేరుశనగ మార్కెట్లలో శేరు, మణుగు పోయి కిలో, క్వింటాలు నిలదొక్కుకోవడానికి కొన్నేళ్లు పట్టింది.

1982లో ఇదే రోజున జపాన్‌లో సోనీ సంస్థ మొదటి సీడీ ప్లేయరును అమ్మకానికి పెట్టింది. సీమలో అది క్యాసెట్ల కాలం. సీడీ ఇక్కడి బజారుకు చేరేసరికి ఇంకో పదేళ్లు దాటాయి.

2009 అక్టోబరు తొలి రెండు రోజులు కర్నూలు మరచిపోలేనివి. తుంగభద్ర, హంద్రీ కలిసి నగరాన్ని ముంచాయి. మంత్రాలయం నీట మునిగింది. శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కరువుకు పేరుపడ్డ జిల్లాలో ఇళ్ల కప్పుల మీద జనం సాయం కోసం ఎదురుచూశారు.

సినిమాల లెక్కలో 2010లో ఎ.ఆర్. రెహమాన్ సంగీతంతో ‘రోబో’, 2014లో యువన్ శంకర్ రాజా సంగీతంతో ‘గోవిందుడు అందరివాడేలే’, 2021లో మణిశర్మ సంగీతంతో ‘రిపబ్లిక్’ ఈ తేదీన విడుదలయ్యాయి. కోవెలకుంట్లలో 1847లో ఉరితీయబడిన తిరుగుబాటు నాయకుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ ‘సైరా’ మాత్రం 2019లో ఒక్క రోజు ఆలస్యంగా, అక్టోబరు 2న వచ్చింది. అక్కడి రేనాటి పల్లెల్లో ఆయన మీద జానపదులు కట్టుకున్న పాటలకు సినిమా తేదీతో పనిలేదు.

అవతరణ దినం ఏది?

1956 తరువాత రాష్ట్ర అవతరణ దినోత్సవం నవంబరు 1కి మారింది. 2014లో తెలంగాణ విడిపోయాక మిగిలిన ఆంధ్రప్రదేశ్ ఏ రోజు జరుపుకోవాలన్నది తేలక, కొన్నేళ్లు జూన్ 2న నవనిర్మాణ దీక్ష చేశారు. 2019లో మళ్లీ నవంబరు 1కి వచ్చారు. ఇప్పటి రాష్ట్రపు ఎల్లలు కొద్ది మార్పులు తప్ప 1953 నాటి ఆంధ్ర రాష్ట్రపు ఎల్లలే. తెలంగాణతో కలిసిన తేదీని, తెలంగాణ లేని రాష్ట్రం పుట్టినరోజుగా జరుపుకోవడం కన్నా, శ్రీరాములు ప్రాణంతో వచ్చిన అక్టోబరు 1ని జరుపుకోవడమే సబబు.