మూసికొనిపోయిన తలుపు

హృదయమునందు నాలుగు గదులు, నాలుగు కవాటములు కలవు. ఇవి మన యింటి తలుపులవలె ఇటు నటు తెఱచుకొనునవి కావు. నెత్తురును ముందునకు పోనిచ్చి, వెనుకకు రానీయని తలుపులు. తలుపు బిగిసినచో నెత్తురు ముందునకు సాగదు. సరిగా మూయబడనిచో వెనుకకు కారును. కవాటవ్యాధు లన్నియు ఈ రెండు దోషములలో ఇమిడి యున్నవి.

ఎడమవైపు పైగదికిని క్రిందిగదికిని నడుమ నున్న కవాటమును మైట్రల్ కవాట మందురు. బిషప్పు ధరించు కిరీటమును పోలియుండుటచే దాని కా పేరు వచ్చినది. నేడు ముఖ్యముగా చెప్పదలచినది ఈ యొక్క తలుపు కథ.

బాల్యమున గొంతునొప్పి వచ్చి తగ్గును. కొన్ని వారములకు జ్వరము, కీళ్లవాపు. అవియు తగ్గును. ఇల్లంతయు దానిని మఱచిన పిమ్మట, పది యిరువది యేండ్లకు, మెట్లెక్కునప్పుడు ఆయాసము, పండుకొన్నచో ఊపిరాడకుండుట, దగ్గులో నెత్తురు కనబడుట మొదలగును. కీళ్లవాత జ్వరము కవాటపు రెక్కలను అంచులవెంట అతికించివేయుటయే దీనికి కారణము. మన దేశమున పెక్కుమంది స్త్రీలకు తొలికాన్పు నాటి భారమువలననే ఈ వ్యాధి బయటపడినది.

వ్యాధిని గుర్తించుట ముందు కుదిరెను. చికిత్స చాలకాలమునకు గాని కుదురలేదు. 1816లో పారిస్ నగరమున లెనెక్ అను వైద్యుడు, ఒక యువతి ఱొమ్మునకు చెవి నానించుటకు సంకోచించి, కాగితమును గొట్టముగా చుట్టి వినెను. స్టెతస్కోపు పుట్టుక యిదియే. 1832లో డబ్లిన్ వైద్యుడు కారిగన్, బృహద్ధమని కవాటము కారుచున్నచో కంఠనాడులు ఎట్లు ఎగిరిపడునో వర్ణించెను. ఏ తలుపు చెడినదో చెవితో, వేలితో చెప్పగలిగిరి. ఐనను రోగికి విశ్రాంతియు డిజిటాలిస్ మందును తప్ప ఇచ్చుటకు వేఱేమియు లేకుండెను.

1902లో బ్రంటన్ అను లండన్ వైద్యుడు, ఇరుకైన కవాటమును కత్తితో తెఱవవచ్చునేమో యని లాన్సెట్ పత్రికలో వ్రాసెను. పెద్దలు మందలించిరి. దోషము కవాటమున లేదు, హృదయపు కండరమునందే యున్నదని ఆనాటి ప్రబలమైన అభిప్రాయము. ఈ అభిప్రాయము ఎన్ని ప్రాణములను బలిగొన్నదో లెక్కింప వీలు లేదు.

1923లో బోస్టన్‌లో కట్లర్ ఒక పండ్రెండేండ్ల బాలికకు కత్తితో కవాటమును కోసెను. ఆమె నాలుగేండ్లకు పైగా బ్రదికెను. పిమ్మట చికిత్స పొందినవారిలో దాదాపు అందఱును మరణించుటచే ఆ ప్రయత్నము ఆగిపోయెను. ఇరుకును తొలగింపబోయి కవాటమును బొత్తిగా కారునట్లు చేయుట అందలి దోషము.

1925లో లండన్‌లో సౌటర్ వేఱొక దారి త్రొక్కెను. ఒక యువతి హృదయపు పైగది చెవివంటి మూలనుండి తన వేలిని లోనికి పోనిచ్చెను. కొట్టుకొనుచున్న గుండె లోపల కవాటమును వ్రేలికొనతో తడవి చూచి, కత్తిని వాడక, వేలితోనే వెడల్పు చేసి వెలికి తీసెను. ఆమె కోలుకొని యింటికి వెళ్లి, కొన్నియేండ్లు జీవించెను. ఐనను ఏ వైద్యుడును సౌటర్ వద్దకు మఱియొక రోగిని పంపలేదు! చికిత్స విఫలమై ఆగినచో అర్థము కలదు. ఇది ఫలించియు ఆగెను.

ఇరువదిమూడేండ్లు గడచెను. ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ యను శస్త్రవైద్యు డుండెను. తండ్రి ఈ వ్యాధితోనే నెత్తురు కక్కుచు మరణింపగా బాల్యమున కన్నులార చూచినవాడు. ఆయన కత్తి పట్టిన మొదటి రోగులు మరణించిరి. ఆసుపత్రులు ఆయనకు తలుపులు మూయసాగెను. 1948 జూన్ 10వ తేదీన ఉదయ మొక ఆసుపత్రిలో నాలుగవ రోగి మరణించెను. ఆ వార్త వ్యాపించి అడ్డంకి వచ్చులోపల, నాటి మధ్యాహ్నమే వేఱొక ఆసుపత్రిలో ఒక యువతికి చికిత్స చేసెను. ఆమె బ్రదికెను. వారము తిరుగకముందే ఆమెను రైలులో చికాగోకు తీసికొనిపోయి వైద్యుల సభలో చూపెను. దీనిని సాహస మనవలెనా, మొండితన మనవలెనా? ఆ నలుగురి బంధువులు ఒక మాట చెప్పుదురు, ఆ యువతి బంధువులు వేఱొక మాట. అదే నెలలో బోస్టన్‌లో హార్కెన్, సెప్టెంబరులో లండన్‌లో బ్రాక్ ఇట్టి చికిత్సలో కృతకృత్యులైరి.

తరువాతి కథ వేగముగా నడచెను. 1960లో స్టార్, ఎడ్వర్డ్స్ రూపొందించిన కృత్రిమ కవాటము వచ్చెను. 1982లో జపానువైద్యుడు ఇనోవే, ఱొమ్ము కోయకయే తొడ నరము గుండ చిన్న బుడగను పంపి మైట్రల్ కవాటమును తెఱచెను. 1990లో తిరువనంతపురములోని శ్రీచిత్ర సంస్థ మన దేశముననే తయారైన కవాటమును రోగికి అమర్చెను. 2002లో ఫ్రాన్సున క్రిబియే బృహద్ధమని కవాటమునే రక్తనాళముద్వారా అమర్చెను.

ఐనను మొదటి గొంతునొప్పి నాడే పెన్సిలిన్ ఇచ్చినచో జ్వరమే రాకుండును. ఒకసారి జ్వరము వచ్చిన బిడ్డకు మూడు నాలుగు వారముల కొకమాఱు సూదిమందు ఏండ్లతరబడి ఇప్పింపవలెను. కీళ్లు బాగైనవని తల్లిదండ్రులు దానిని మానిపించుటయు, మరల జ్వరము వచ్చుటయు, ఒక్కొక్క మాఱు కవాటము మఱికొంత బిగియుటయు నేటికిని జరుగుచునే యున్నది.