విద్యాఋణము – సేవచే విమోచనము

మన సంఘపు విద్యానిధినుండి అప్పుగొని చదివి, నేడు పల్లెబడులలో ఉపాధ్యాయులై యున్న పిన్నల బాకీలను ఏమి చేయవలయునను ప్రశ్న ఈ మహాసభ యెదుట నున్నది. ఇది క్రొత్త ప్రశ్న కాదు. దీనికి మన వాఙ్మయమునందును, దేశచరిత్రయందును గల దృష్టాంతములను పెద్దలకు నివేదించుకొనుచున్నాను.

కాళిదాసు రఘువంశము, పంచమసర్గమున కౌత్సుని కథ గలదు. చదువు ముగించిన శిష్యుడు దక్షిణ యేమియ్యవలయునని యడుగగా, చిరకాలము చేసిన శుశ్రూషయే చాలునని వరతంతుమహర్షి తృప్తిపడెను. శిష్యుడు పట్టు విడువకపోగా, గురువు కోపించి, నేర్చిన పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మనెను. ఆ కోట్ల సంగతి యందరికిని జ్ఞాపకమే. సేవయే చాలునన్న మొదటి మాటను మాత్రము మఱచితిమి.

ఆ మొదటి మాటను మన ప్రభుత్వమొకసారి శాసనముగ నాచరించినది. భారత ప్రభుత్వము 1963లో జాతీయ ఋణ విద్యార్థివేతన పథకమును నెలకొల్పెను. ప్రతిభ గలిగి ధనము లేని విద్యార్థులకు వడ్డీలేని యప్పు నిచ్చుట దాని పని. అప్పుగొన్నవాడు ఉపాధ్యాయవృత్తిని చేపట్టినచో, చేసిన కొలువులో ఏటికి పదవవంతు చొప్పున బాకీ కొట్టివేయుదురు. పదియేండ్లకు ఋణము పూర్తిగ తీరును. 1964–66 నాటి కొఠారి విద్యాసంఘము సైతము ఈ పద్ధతినే సిఫారసు చేసినది. మేధావులను బడివైపునకు ఆకర్షింపవలయుననుట వారి యుద్దేశము.

1978లో నేనును ఆ ఋణమును పొందితిని. మా తండ్రిగారు జామీనుగ చేవ్రాలు చేసిరి. పిమ్మట ఉపాధ్యాయుడనై, పులికాటు సరస్సులోని ఇరకం దీవికి పడవపై పోయి పాఠములు చెప్పితిని. ఏటేట కొలువు ధ్రువపత్రమును పంపవలసియుండగా, ఒక యేడు అశ్రద్ధచే పంపనైతిని. పైకము కట్టుమని మా తండ్రిగారికి తాఖీదు వచ్చెను. ఆ రాత్రి ఆయన యన్నము ముట్టలేదు. పాత పత్రముల నకళ్ళను ఆయనయే ట్రంకుపెట్టెలో దాచియుండుటచే గండము గడచినది. చేసిన సేవకు వ్రాత లేనిచో, ఖాతాలో అది చేయనట్లే.

అప్పులు సరిగ వసూలు కానందున ఆ పథకము 1991లో నిలిచిపోయెను. 2001లో వచ్చిన బ్యాంకుల ఆదర్శ విద్యాఋణ పథకమున ఉపాధ్యాయులకు అట్టి మినహాయింపు లేదు.

అమెరికాలో 2007 నాటి చట్టముచే ఇట్టి యేర్పాటే కలిగినది. ప్రభుత్వమునందో లాభాపేక్ష లేని సంస్థలందో కొలువుచేయుచు, నియమప్రకారము 120 నెలసరి వాయిదాలు చెల్లించినవారికి తక్కిన ఫెడరల్ విద్యాఋణము రద్దగును. అచ్చట పౌరసత్వమో స్థిరనివాసమో గల మనవారి బిడ్డలకును ఇది వర్తించును. కాని 2017లో తొలి గడువు ముగిసిన పిమ్మట వచ్చిన యర్జీలలో నూటికి 99 వంతులు త్రోసివేయబడినవి. ఋణము తగిన తరగతిది కాకపోవుట, వాయిదాల పద్ధతి వేఱగుట, లెక్క పూర్తికాకపోవుట ముఖ్యకారణములు. పదియేండ్లు కొలువుచేసి, తుదకు తమ కాగితము చెల్లదని తెలిసికొనుట యెంత దుఃఖము! అందుచే యజమానుని ధ్రువీకరణమును ఏటేట పొందుచుండుట మేలని అచ్చటివారును గ్రహించిరి.

కావున నా విన్నపమిది. మన నిధిలో అప్పుగొని బడులలో పనిచేయువారికి ఏటికి పదవవంతు మినహాయింపుడు. నియమములను అప్పిచ్చునాడే తెలుగులో వ్రాసియిండు. ప్రతి సంవత్సరము కొలువు పత్రమును సంఘమే యడిగి తెప్పించి, ఖాతాలో తగ్గించి, రసీదు నిండు. ఇతర వృత్తులవారు మాత్రము పైకము తప్పక చెల్లింపవలయును. లేనిచో తరువాతి పిల్లవానికి నిధి మిగులదు.

ఋషిఋణము అధ్యయనముచే తీరునని పెద్దలు చెప్పిరి. నేర్చినదానిని ఒరులకు నేర్పువాని ఋణమును తీర్చుటకు మనమేల వెనుదీయవలయును?