కట్టడమూ పరపతీ: బందరులో ఆంధ్రా బ్యాంకు ఆవిర్భావం (1923)

వలస పాలనాకాలంలో బ్యాంకు భవనమే బ్యాంకుకు తొలి పూచీదారు. పందొమ్మిదో శతాబ్ది చివర మద్రాసు సముద్రతీరంలో బ్యాంక్ ఆఫ్ మద్రాస్ నిర్మించుకున్న ఎర్రని సౌధం ఇందుకు నిదర్శనం. ఇండో-సారసెనిక్ శైలిలోని ఆ కట్టడం ఖాతాదారునికి సంస్థ స్థిరత్వాన్ని కళ్లకు కట్టించేది. అయితే 1906 అక్టోబరులో మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీయడంతో ఎందరో మధ్యతరగతివారి పొదుపు హరించుకుపోయింది. పెద్ద పేరు, ఆంగ్లేయ యాజమాన్యం డబ్బుకు రక్షణ కావని తేలింది. ఆ మరుసటి ఏడాదే స్వదేశీ స్ఫూర్తితో ఇండియన్ బ్యాంకు ఏర్పడింది.

ఈ నేపథ్యంలోనే బందరును పరిశీలించాలి. 1864 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిన ఆ రేవుపట్టణం ఇరవయ్యో శతాబ్ది నాటికి పూర్వవైభవం కోల్పోయింది. మరోవైపు 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట వల్ల డెల్టా గ్రామాలలో వరిపంట, దానితో రొక్కం పెరిగాయి. ఆ రొక్కం ఎక్కువగా షావుకార్ల ప్రోనోట్ల మీదే తిరిగేది. దానిని ఒకచోట కూడగట్టి వ్యవసాయానికీ వ్యాపారానికీ మళ్లించే సంస్థ అవసరమైంది.

వైద్యుడు, జాతీయోద్యమ నాయకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆ పనికి పూనుకున్నారు. 1923 నవంబరు 20న నమోదైన ఆంధ్రా బ్యాంకు అదే నెల 28న వ్యాపారం ప్రారంభించింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు. చెల్లించిన మూలధనం ఒక లక్ష మాత్రమే. ఇంత స్వల్ప ధనంతో మొదలైన సంస్థకు సౌధం పూచీ పడజాలదు. స్థాపకుని పలుకుబడే దాని తొలి పెట్టుబడి.

తెలుగులో ‘పరపతి’ అనే మాటకు అప్పు పుట్టే యోగ్యత, సంఘంలో పలుకుబడి అనే రెండర్థాలున్నాయి. బందరు బ్యాంకు చరిత్రలో ఈ రెండూ ఒకటయ్యాయి. తాము నెలకొల్పిన ఆర్థిక సంస్థలలో ఉత్తరప్రత్యుత్తరాలు వీలైనంతవరకు తెలుగులోనే సాగాలని పట్టాభి పట్టుబట్టడం ఈ పరపతికి మరో ఆధారం. తనకు తెలిసిన భాషలో వచ్చిన ఉత్తరాన్ని రైతు మధ్యవర్తి లేకుండా చదువుకోగలడు. తన డబ్బు లెక్క తానే సరిచూసుకోగలడు.

ఆంధ్ర రాష్ట్రం 1953లో ఏర్పడింది. అంతకు ముప్పై ఏళ్ల క్రితమే ‘ఆంధ్ర’ నామం ఒక బ్యాంకు పేరులో చేరింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనంతో ఆ పేరు వ్యవహారం నుంచి తొలగింది. అందువల్ల ఇటువంటి సంస్థల పాత తెలుగు ఉత్తరాలను, దస్తావేజులను వ్యవహారభాషా చరిత్రకు మూలాధారాలుగా సేకరించి భద్రపరచడం కట్టడాల పరిరక్షణతో సమానమైన కర్తవ్యం.