గైడ్ సంతకం పెట్టకముందు

తెలుగునాట విద్యార్థులు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ రాయడం 1998 తర్వాతి సంగతేనన్నది చాలామంది నమ్మకం. ఆ ఏడాదే హైదరాబాద్ హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచారు, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా అప్పుడే పుట్టింది. దాంతో కంపెనీలొచ్చాకే చదువుకు పని అబ్బిందన్న కథ స్థిరపడిపోయింది. తేదీలు నిజమే, కారణం దగ్గరే పేచీ.

ఉదాహరణకు, 1965లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో నలుగురు డిగ్రీ విద్యార్థులు అధ్యాపకుల అజమాయిషీలో వాట్‌ఫర్ అనే ఫోర్‌ట్రాన్ కంపైలర్ రాశారు. క్లాసులో రాసిన ప్రోగ్రాములు త్వరగా తెమలాలన్నదే అక్కడి అవసరం. అడిగింది కంపెనీ కాదు, పాఠం చెప్పేవాళ్లే.

తెలుగు దారి కాన్పూర్ ఐఐటీ మీదుగా వచ్చింది. 1980ల్లో అక్కడ వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ భారతీయ భాషల మధ్య 'అనుసారక' అనే యంత్రానువాద సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టారు. 1990ల్లో అది హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చేరింది. అందమైన అనువాదం దాని లక్ష్యం కాదు. తెలుగు రాని హిందీ పాఠకుడు తెలుగు పుటలో ఏముందో తంటాలు పడైనా గ్రహించగలిగితే చాలు. మరాఠీ, కన్నడ, బెంగాలీ, పంజాబీల నుంచీ హిందీకి అలాంటివే తయారయ్యాయి. 'చెప్పలేకపోయాడు' లాంటి ఒక్క మాటను విడదీయాలంటేనే ధాతువు, సామర్థ్యం, వ్యతిరేకం, కాలం, పురుష అన్నీ తేలాలి. కోడ్ రాయడం వచ్చిన కుర్రాడికి ఒంటరిగా అది సాధ్యం కాదు, వ్యాకరణం తెలిసినవారు పక్కన ఉండాల్సిందే. గారపాటి ఉమామహేశ్వరరావు వంటి భాషాశాస్త్రవేత్తల పాత్ర అక్కడే. సంగల్ తర్వాత ట్రిపుల్ ఐటీకి తొలి డైరెక్టరయ్యారు. కాబట్టి ఆ సంస్థ ఒరవడిలో హైటెక్ సిటీ వాటా ఎంతో, ఈ పాత పని వాటా కనీసం అంత.

అయితే గురువు లేనిదే ఏదీ జరగలేదనడమూ అతిశయోక్తే. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసే ఆర్‌టీఎస్ పద్ధతి 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ చేతుల్లో రూపుదిద్దుకుంది. అది ఏ కోర్సులోనూ భాగం కాదు. నెట్‌లో తెలుగు రాసుకోవాలన్న సొంత ఆరాటమే వారికి గైడ్. అంటే సమస్య ఎవరికో ఒకరికి నిజంగా ఉండాలి. దాన్ని ఏళ్ల తరబడి మోయాలంటేనే ఆచార్యుడి అవసరం. 2004లో ట్రిపుల్ ఐటీలో పి. కృష్ణారెడ్డి నడిపిన ఈ-సాగు అలాంటిదే. వరంగల్ జిల్లా పత్తి చేల ఫొటోలు సీడీల్లో కొరియర్ మీద హైదరాబాద్ వచ్చేవి, వ్యవసాయ నిపుణులు వాటిని చూసి రైతులకు సలహా పంపేవారు. నెట్ నత్తనడకను కూడా లెక్కలోకి తీసుకున్న డిజైన్ అది.

ఇప్పటి లెక్క వేరు. హైదరాబాద్ అమీర్‌పేటలో ఇంజనీరింగ్ మేజర్ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌తో, పీపీటీతో సహా అమ్మకానికి దొరుకుతుంది; గైడ్ సంతకం, వైవా మాత్రమే మిగులుతాయి. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ సమస్యలను ప్రభుత్వ శాఖల నుంచి తెస్తుంది, మంచిదే. కానీ 36 గంటల్లో తయారైన నమూనాకు ఆ తర్వాత దిక్కెవరు? బయటి క్లయింటుకు విద్యార్థి బృందాలు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ట్రిపుల్ ఐటీ కోర్సులు వీటికంటే మెరుగు. సెమిస్టరు ముగిశాక క్లయింటు ఫోను ఎవరెత్తాలన్న చిక్కు మాత్రం వాటికీ ఉంది.

నిజమైన సమస్యలు విద్యార్థుల ఇళ్లలోనే ఉంటాయి. మహారాష్ట్రలోని భివండీలో తెలుగు పద్మశాలీ కుటుంబాలు ఎన్నో మరమగ్గాల మీద బతుకుతున్నాయి. అక్కడ నేతకూలి మీటరు లెక్క. పక్కనే మాన్కోలి గోదాముల్లో సరుకు రాకపోకల చిట్టాలు. ఆ ఇళ్ల నుంచి ఇంజనీరింగుకు వెళ్లిన పిల్లలకు కూడా ప్రాజెక్టు అనగానే మళ్లీ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమే ఇస్తే, మగ్గం కూలి లెక్క తెలిసిన ఆ ఒక్క విద్యార్థినీ కాలేజీ వాడుకోనట్టే.