నిలకడను చూపిన గీత

సభలో మైకు ఒక్కొక్కప్పుడు కీచుమని కూయుట మనమెల్లరము విన్నదే. స్పీకరునుండి వెలువడిన ధ్వని మరల మైకులో చొరబడి, పెరిగి, మరల స్పీకరుకే పోవును. ఇట్లు బయటకు పోయినది తిరిగి లోనికి వచ్చుటనే ఫీడ్‌బ్యాక్ అందురు. ఈ తంటాయే ఉపకారముగా మారిన చరిత్రను సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

దూరపు టెలిఫోనులో మాట తీగవెంట పోవుకొలది నీరసించును. అందుచే దారిలో యాంప్లిఫయర్లు పెట్టవలెను. అవి మాటతోపాటు వికారమును కూడ చేర్చును. 1927 ఆగస్టు 2వ తేదీన బెల్ ప్రయోగశాల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్, పడవపై పనికి పోవుచు, పెరిగిన సంకేతములో కొంత తలక్రిందులు చేసి మొదటికి పంపినచో వికారము తగ్గునని గ్రహించి, చేతనున్న వార్తాపత్రిక మీదనే వ్రాసికొనెను. కాని చుట్టు తిరుగుటలోని ఆలస్యమువలన కొన్ని స్వరములు తలక్రిందులుగా గాక నేరుగానే తిరిగివచ్చి, యాంప్లిఫయరు కూడ మైకువలె కూయవచ్చును.

ఈ చిక్కు విప్పినవాడు హారీ నైక్విస్ట్. ఈయనయు మన పెద్దలవలె పుట్టిన ఊరు విడిచినవాడే. 1889లో స్వీడనులోని నిల్స్‌బీలో పుట్టి, 1907లో అమెరికా చేరి, 1917లో యేల్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందెను. 1932 జనవరిలో తన పద్ధతిని ప్రకటించెను.

వలయమును ఒకచోట తెంచి, మంద్రస్వరము మొదలు తారస్వరము వరకు ఒక్కొక్కటే పంపవలెను. ప్రతి స్వరము ఎంత బలముతో, ఎంత ఆలస్యముతో తిరిగివచ్చెనో కాగితముపై చుక్క పెట్టవలెను. కేంద్రమునుండి దూరము బలము, కోణము ఆలస్యము. చుక్కలను కలిపి, ఆ గీతకు ప్రతిబింబమును చేర్చవలెను. తెంచిన వలయము తనంత తాను కూయనిదైనచో, గీత ఒకటి అను గుర్తును చుట్టివేసినప్పుడే కూత పుట్టును. చుట్టనిచో నిలకడ కలదు. నేటి పుస్తకములలో ఆ గుర్తు ఋణ ఒకటి వద్ద నుండును.

స్వరము నేరుగా, హెచ్చు బలముతో తిరిగివచ్చినచో కూత తప్పదని అంతకుముందు నమ్మిక. అట్లున్నను కొన్ని సర్క్యూట్లు నిలకడగా నుండునని గీత చూపెను. 1934లో పీటర్సన్, క్రీర్, వేర్ అను మువ్వురు ప్రయోగముచే దీనిని నిర్ధారించిరి. అట్టి సర్క్యూటులో బలము తగ్గినప్పుడు కూడ కూత పుట్టవచ్చును!

1973లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున వెలువడిన స్పైస్ వంటి ప్రోగ్రాములవలన, సర్క్యూటు కట్టకమునుపే కంప్యూటరులో ఈ పరీక్ష చేయుట సాధ్యమైనది. అయితే వలయమును తెంచినచో సర్క్యూటు పనిచేయు స్థితియే మారిపోవచ్చును. అందుకై 1975లో మిడిల్‌బ్రుక్ అను ఆచార్యుడు వలయమును తెంచకయే, మధ్యలో చిన్న సంకేతమును చొప్పించి కొలుచు పద్ధతిని ప్రకటించెను.

కంప్యూటరు గీచిన గీత ఆ ఒక్క స్థితికే చెల్లును. వేడి మారినను, లోడు మారినను గీత మారును. కనుక ఈ వృత్తిలోనున్న మన పిల్లలు ఒక్క గీతతో తృప్తిపడక, బలము పెంచియు, తగ్గించియు చూడవలెనని మా మనవి.