బురుజు ఎటు చూస్తుంది?

హైదరాబాదు వచ్చిన చుట్టం చార్మినార్ ఎక్కుతానంటాడు, గోల్కొండలో బాలాహిస్సార్ దాకా పోతానంటాడు. అదే చుట్టం జనగామలో రైలు దిగితే, ఇక్కడ ఎక్కి చూడడానికి ఏముందని అడుగుతాడు. మినార్లు లేని మాట నిజమే. బురుజులున్నాయి. మా దిక్కు పాత ఊళ్లలో చాలావాటికి ఒక్క బురుజన్నా ఉండేది. కొన్నిచోట్ల ఇంకా నిలబడి ఉంది, కొన్నిచోట్ల మట్టిదిబ్బ అయింది, కొన్నిచోట్ల ఆనవాలు కూడా లేదు గానీ జనం ఇప్పటికీ "బురుజు కాడ దిగుతా" అంటారు.

బురుజు పనితనం దగ్గరికి పోయి చూస్తేనే తెలుస్తుంది. కింద రాతికట్టు, పైన చాలావాటికి మట్టి. గుండ్రంగా లేచి, పైకి పోనుపోను కొంచెం సన్నబడుతుంది. మూల ఉన్న గోడనైతే వాన ముందు ఆ మూల దగ్గరే కొరుకుతుంది, ఫిరంగి గుండుకు కూడా ముందు పగిలేది మూలే. అందుకే గుండ్రం. పైన కొద్దిమంది నిలబడేంత జాగా, చుట్టూ పిట్టగోడ, అందులో తుపాకి గొట్టం పట్టే కంతలు. పిండారీలు, దారి దోపిడీగాళ్లు తిరిగిన రోజుల్లో బురుజు మీది కావలి మనిషికి దూరంగా దుమ్ము లేవడం కనిపిస్తే చాలు, డప్పు మోగేది. చేలల్లో ఉన్నవాళ్లు గొడ్డూగోదా తోలుకుని ఊళ్లోకి చేరేవాళ్లు.

బురుజు ఎంత ఎత్తు, ఎవరు కట్టించారు అని మనం అడుగుతాం. నన్నడిగితే, అంతకన్నా ముందు అడగాల్సింది అది ఎటు చూసేదని. మా జిల్లాల చరిత్రంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ముందు ఖిలాషాపూర్. జనగామ నుంచి వరంగల్ రోడ్డు మీద రఘునాథపల్లి దాకా వచ్చి లోపలికి తిరగాలి. ఊరి నడుమ నాలుగు పలకల కోట, మూలమూలకూ లావుపాటి గుండ్రని బురుజు. అది సర్దార్ సర్వాయి పాపన్నది. కల్లుగీత కులంలో పుట్టి, కూలీనాలీ జనాన్ని, తనలాంటి కింది కులాలవాళ్లను కూడగట్టి, మొగలు సుబేదార్లకు నిద్ర లేకుండా చేసిన మనిషి. ఔరంగజేబు 1707లో చనిపోయాక దక్కన్‌లో ఎవరి అధికారం ఎంతో తేలని రోజులవి. 1708లో ముహర్రం వేళ పాపన్న ఓరుగల్లు కోట మీద పడ్డాడు. మరుసటి ఏడు భువనగిరి మీద పడ్డాడు. 1710లో పట్టుబడ్డాడు, చంపేశారు. ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీఖాన్ పాపన్నను దొంగ కిందే జమకట్టాడు. పల్లెల్లో పాట కట్టి పాడినవాళ్లు వీరుణ్ని చేశారు. వెల్చేరు నారాయణరావు, జె.ఎఫ్. రిచర్డ్స్ కలిసి ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి 1980లో ఒక వ్యాసం రాశారు. తర్వాత రిచర్డ్ ఈటన్ దక్కన్ చరిత్రను ఎనిమిది జీవితాలుగా చెబుతూ రాసిన పుస్తకంలో పాపన్నకూ ఒక అధ్యాయం ఇచ్చాడు. మన బడి పుస్తకాలకంటే ముందు వాళ్లకు పట్టింది, ఏం చేస్తాం.

కోటకు రెండు జన్మలు. మొదట కట్టింది నాటుగా కట్టిందే. హైదరాబాదు నుంచి మొగలు అధికారి రుస్తుం దిల్ ఖాన్ ఫౌజుతో వచ్చి, నెలల తరబడి ముట్టడించి, పాపన్న తప్పించుకున్నాక దాన్ని నేలమట్టం చేయించాడు. ఫౌజు వెనక్కి మళ్లగానే పాపన్న వచ్చి, ఈసారి రాయీ గచ్చూ పెట్టి గట్టిగా కట్టాడు, ఫిరంగులెక్కించాడు. ఇవాళ మనం చేయి ఆనించి చూసే గోడ ఆ రెండోసారి పంతానిది. రాళ్లు ఒక్క తీరుగా ఉండవు. పెద్ద గుండు పక్కన చిన్న ముక్కలు దూర్చి, సందుల్లో సున్నం కూరారు. రాజుల కోటల్లోలా చెక్కిన రాళ్లు వెతికితే దొరకవు, తొందరలో ఉన్నవాడి పని అది. మరి ఈ బురుజులు ఎటు చూసేవి? బాట వైపు. హైదరాబాదుకూ ఓరుగల్లుకూ నడుమ సరుకు బండ్లు పోయే బాట మీద షావుకార్లను కొట్టడమే పాపన్న ఆదాయం. ఆ సొమ్ముతోనే ఫౌజు పెరిగింది. ఇప్పుడూ ఆ రెండు ఊళ్ల నడుమ పెద్ద రోడ్డు ఈ పక్క నుంచే పోతుంది, టోల్ మాత్రం వేరేవాళ్లు వసూలు చేస్తున్నారు.

వానాకాలం వచ్చినప్పుడల్లా ఈ గోడల గురించి గుబులే. రాళ్ల సందుల్లో రావి మొలక ఒకటి వేరు పోసిందంటే గచ్చు విడుతుంది, అందులోకి నీళ్లు దిగుతాయి. పాపన్న జయంతి ఆగస్టు 18. ఇప్పుడది సర్కారు పండుగ, పూలదండలకు లోటుండదు. అందులో పదో వంతు శ్రద్ధతో ఏటా వానలకు ముందు మొలకలు పీకించినా కోట ఇంకో మూడు వందల ఏళ్లు ఉంటుంది.

జఫర్‌గఢ్ సంగతి వేరు. వేల్పుగొండ అన్న పాత పేరు మీద, నిజాం అలీఖాన్ కాలపు సర్దారు జఫరుద్దౌలా పేరు వచ్చి కూర్చుంది. ఖమ్మంలో జాఫర్ బావి కూడా ఈయన పేరు మీదిదే. గుట్ట మీద కోట, కింద ఊరు, మధ్యమధ్య బురుజులు. ఇది ఏలుబడి చేసేవాడి చూపు. తహసీలు ఎక్కడి నుంచి రావాలో అటల్లా చూస్తుంది. చూడదగ్గదే, కాళ్లలో సత్తువ ఉంటే పైకెక్కండి.

భూపాలపల్లి దిక్కు పోతే మనిషి కట్టిన బురుజు అవసరం తగ్గుతుంది, గుట్టలే ఆ పని చేశాయి. మహదేవపూర్ అడవుల దిక్కున ప్రతాపగిరి కోట ఉంది, కాకతీయుల నాటిది. ప్రతాపరుద్రుడి కోసం ముచ్చనాయకుడు కట్టించినట్టు అక్కడి రాతి మీద శాసనం చెబుతుంది. గోదావరి వైపు నుంచి వచ్చేవాళ్ల మీద కన్ను వేసే చోటు. ఇంకా వెనక్కి పోదామనుకుంటే రేగొండ మండలంలో పాండవుల గుట్ట ఉంది. ఇసుకరాతి గోడలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి, ఇప్పుడు తాళ్లు కట్టుకుని పిల్లలు ఎక్కడం నేర్చుకుంటున్నారు. 1990లో అక్కడి రాతిబొమ్మలు వెలుగులోకి వచ్చాయి. ఎదురుపాండవులు, గొంతెమ్మ గుహ, మేకల బండ అని ఊరివాళ్లు ఎప్పుడో పేర్లు పెట్టుకున్న చోట్లలోనే అడవిదున్న, జింక, పులి బొమ్మలు ఎరుపులో, పసుపులో, ఆకుపచ్చలో కనిపిస్తాయి. పులి ఎటు నుంచి వస్తుంది, జింక ఎటు పోతుంది అని ఎత్తు మీద కూర్చుని చూసినవాడు గీసిన బొమ్మలని నాకనిపిస్తుంది. శత్రువు కోసం కాకుండా కూటి కోసం చూసిన చూపు.

ఆ చూపు మహబూబాబాద్ పల్లెల్లో ఇంకా బతికే ఉంది. మహబూబాబాద్‌ను మానుకోట అంటేనే మా నోటికి తిరుగుతుంది. అటు మక్కచేలల్లో నాలుగు గుంజలు పాతి మీద అటక వేసిన మంచె కనిపిస్తే, అది కూడా కావలి బురుజే. రాత్రి అడవిపందులు, పొద్దున చిలుకలు. మంచెను ఏ పురావస్తు శాఖా లెక్కలోకి తీసుకోదు, ఏటా కొత్తగా కడతారు కాబట్టి.

ఇంతవరకూ చెప్పినవి ఊరి బయటికి చూసేవి. మా జనగామ పల్లెల్లో లోపలికి చూసే కట్టడం కూడా ఒకటుండేది. అది దొర ఉండే గడి. గడి గోడ మీది నుంచి చూస్తే ఊరి వాకిళ్లన్నీ కనపడతాయి. వెట్టికి ఎవడు రాలేదో, కల్లం ఎవడిది ఎత్తారో, ఎవడి ఇంట్లో సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, మీటింగు జరిగిందో అన్నీ తెలుస్తాయి. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి తల్లి జానకమ్మ గడి కడవెండిలో. 1946 జూలై 4న సంఘం ఊరేగింపు ఆ గడి దగ్గరికి వచ్చినప్పుడు లోపలి నుంచి తుపాకులు పేలాయి. దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. తెలంగాణ సాయుధ పోరాటం ఆ రోజు నుంచే రాజుకుంది.

ఇక బైరాన్‌పల్లి. 2016 జిల్లాల విభజన దాకా అది ఓరుగల్లు జిల్లాలోదే, ఇప్పుడు సిద్దిపేటలో కలిసింది. పటం ఎట్లా గీసినా జనగామ మనుషులు బైరాన్‌పల్లిని పొరుగు జిల్లా ఊరనుకోరు. ఊళ్లో పాత బురుజు ఒకటుంది. 1948లో నిజాం పక్షపు రజాకార్లు పల్లెల మీద పడి దోచుకుంటుంటే, బైరాన్‌పల్లి జనం దాన్ని బాగుచేసుకుని రక్షణ దళం పెట్టుకున్నారు. పైన వంతులవారీగా కావలి, దగ్గర నగారా. అది మోగితే ఒడిసెలలు, నాటు తుపాకులు, బరిసెలు పట్టుకుని మగవాళ్లు, కారప్పొడితో ఆడవాళ్లు సిద్ధం. రజాకార్లు వచ్చారు, తిప్పికొట్టారు. మళ్లీ వచ్చారు, మళ్లీ అంతే. నలుగురు నిలబడే మట్టిగోడ ముందు ఓడిపోవడం వాళ్లకు తల కొట్టేసినట్టయింది.

ఆగస్టు 27న తెల్లవారకముందే ఈసారి నిజాం పోలీసు బలగంతో, ఫిరంగులతో వచ్చారు. నగారా మోగింది. ఒడిసెల రాయి పోయే దూరం ఎంత, ఫిరంగి గుండు పోయే దూరం ఎంత? గుండ్లు తగిలి బురుజు మీద దాచిన మందుగుండు అంటుకుందని ఊళ్లో చెబుతారు. పైన కావలి ఉన్నవాళ్లు అక్కడే పోయారు. నగారా ఆగాక ఊళ్లోకి జొరబడి, దొరికిన మగవాళ్లను తాళ్లతో కట్టి వరుసలో నిలబెట్టి కాల్చారు. ఎక్కువగా చెప్పే లెక్క 96 మంది. వందకు పైనే అనేవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్ల మీద జరిగిన దాన్ని ఆ ఊరి పెద్దవాళ్లు ఇప్పటికీ సగంలోనే ఆపేస్తారు. నేనూ అక్కడే ఆపుతున్నాను. సరిగ్గా పదిహేడు రోజులకు, సెప్టెంబరు 13న, భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు.

గడి బురుజు దొర కోసం చూసింది, కోట బురుజు సర్దారు కోసం చూసింది. బైరాన్‌పల్లిది ఊరు తన కోసం తాను ఎక్కిన బురుజు. మిగతావాటి నడుమ దాన్ని నేను వేరే లెక్కన చూసేది అందుకే.

ఊళ్లో ఇప్పుడు అమరుల స్తూపం ఉంది, బురుజూ ఉంది. పోయేవాళ్లకు నా సలహా ఒక్కటే: స్తూపం దగ్గర ఫొటో దిగి తిరుగుముఖం పట్టకండి. బురుజు దగ్గర నిలబడి, అక్కడున్న ముసలివాళ్లను ఆ పొద్దు ఎవరు ఎటు నుంచి వచ్చారో అడగండి. వేలు పెట్టి చూపిస్తూ చెబుతారు.