చాళ్లు లెక్కించిన బాలుడు

బిడ్డ యాడుకొను తీరును బట్టి వాని మనస్సు కొంత తెలియును. పెక్కురు బిడ్డలు బొమ్మకు పెండ్లి చేయుదురు, కఱ్ఱను గుఱ్ఱమని యెక్కుదురు. కొందఱు మాత్రము బొమ్మబండిని తలక్రిందు చేసి, దాని చక్రమునే గంటలకొలది త్రిప్పుచు చూచుచుందురు. వస్తువులను వరుసగా పేర్చి, ఆ వరుస చెదరిన దుఃఖింతురు. ఇట్టి యలవాట్లతో పాటు మాటలోను, నలుగురితో కలియుటలోను పుట్టుకతో వచ్చిన భేదమున్నచో, వైద్యులు దానిని ఆటిజమందురు. దీని చరిత్రలో నొక సేద్యగాండ్ర దంపతుల కథ కలదు.

అమెరికాలో మిసిసిపి రాష్ట్రమున ఫారెస్టు అను చిన్న పట్టణమున 1933లో డోనాల్డు అను బాలుడు జన్మించెను. రెండవయేటనే వానికి గిన్నెలు, చెక్కదిమ్మెలు మొదలగు వానిని గిరగిర త్రిప్పుటపై మక్కువ కలిగెను. మూడుచక్రముల బండి యన్న భయము. జారుడుబల్ల తెచ్చి యిచ్చిన, తోడిపిల్లలు జారుచున్నంతసేపు దాని దరికి పోడయ్యె. మఱునాటి యుదయమున నెవ్వరును లేని వేళ తానే యెక్కి జారెను.

1937లో వానిని దూరమున నొక సంస్థలో నుంచిరి. మఱుసటి యేడు తలిదండ్రులు తిరిగి యింటికి తెచ్చుకొనిరి. తండ్రి వాని యలవాట్లను 33 పుటలలో వ్రాసి, బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యునకు పంపెను. 1943లో కానర్ ప్రకటించిన 11 మంది బిడ్డల చరిత్రలలో మొదటిది డోనాల్డుదే.

అంతకు ముందు సంవత్సరమే వానిని ఇంటికి సుమారు 10 మైళ్ల దూరమున, కౌలుభూమిలో నివసించు దంపతుల చెంత నుంచిరి. 1945లో కానర్ అచటికి పోయి, వారి వివేకమునకు ఆశ్చర్యపడెను. బాలునకు కొలతలపై ధ్యాస. వారు వానిచే బావి త్రవ్వించి, లోతెంతయో చెప్పుమనిరి. చచ్చిన పక్షులను, పురుగులను ప్రోగుచేయగా, పూడ్చుటకు చోటిచ్చి గుర్తులు నాటించిరి. మొక్కజొన్న చాళ్లను పదేపదే లెక్కించుచుండగా, దున్నుచు లెక్కింపుమనిరి. కానర్ చూచుచుండగా వాడు ఆరు పొడవైన చాళ్లు దున్నెను. గుఱ్ఱమును నేర్పుతో మరల్చెను.

వారు వాని లెక్కను మాన్పింపలేదు. ఆ లెక్కకొక పని చూపిరి.

పిమ్మట డోనాల్డు కళాశాలలో పట్టము పొంది, స్వస్థలమున బ్యాంకులో నుద్యోగము చేసి, 2023లో 89 ఏండ్ల వయస్సున మరణించెను. ఆయనది కలిగిన కుటుంబము. ఆయనను తమవానిగా చూచుకొన్న యూరును ఆయనకు కలదు. అందఱు బిడ్డలు నిట్లే యెదుగుదురనరాదు. కొందఱికి జీవితాంతము తోడు వలయును.

కావున పెద్దలారా! మీ యూరిలో నొక బిడ్డ పిలిచినను పలుకక, చక్రము త్రిప్పుచు కూర్చున్నచో, తల్లిని నిందింపకుడు. అది యెవరి పాపమును కాదు. వైద్యునకు చూపింపుడు. వాని చేతిలోని చక్రమును లాగికొనక, ప్రక్కన కూర్చుండి, వానితో కూడ త్రిప్పుడు. వానిని పలుకరించుటకు మార్గమచటనే దొరకవచ్చును.